దావీదు యోధుల దగ్గర నమ్మకత్వం ఎలా నేర్చుకోవాలి: ఆరు వారాల వాక్య అధ్యయనం

2 సమూయేలు 23వ అధ్యాయంలో దావీదు చివరి మాటలు ఏడో వచనంతో అయిపోతాయి. ఎనిమిదో వచనం నుంచి పేర్ల జాబితా మొదలవుతుంది. చాలామంది అక్కడ పేజీ తిప్పేస్తారు, లేదంటే మంచు కురిసిన రోజున సింహాన్ని చంపిన బెనాయా దగ్గర ఒక్క నిమిషం ఆగి ముందుకు పోతారు. ఈ యోధుల మీద ప్రసంగం వినే అవకాశం వచ్చినా, అది తరచుగా "నాయకుడికి లోబడి ఉండండి" అనే ఒక్క మాటకు కుదించుకుపోతుంది.

వాక్యం అంత తేలిగ్గా వదిలిపెట్టదు. దావీదుకు ముందు రాజైన సౌలు ఆజ్ఞాపించినా యాజకుల మీద చెయ్యెత్తని కావలివాళ్లు ఇందులో ఉన్నారు. దావీదు పంపిన ఉత్తరాన్ని పొల్లు పోకుండా అమలు చేసి ఒక నిర్దోషిని చంపించిన సేనాధిపతి యోవాబూ ఉన్నాడు. వీళ్లలో ఎవరు నమ్మకస్థులో తేల్చుకోకుండా "యోధుల్లా నమ్మకంగా ఉందాం" అనుకుంటే, మనం ఎవరిలా ఉండబోతున్నామో మనకే తెలియదు. ఈ అధ్యయనాన్ని ఆ తేడా చుట్టూనే అల్లాం.

కావలసినవి: ఒక బైబిలు, ఒక నోట్‌బుక్, వారానికి రెండుసార్లు 40 నిమిషాలు. ఒక్కరైనా చేయవచ్చు. ముగ్గురి నుంచి ఆరుగురు కలిస్తే ఇంకా మంచిది. ఆరుగురు దాటితే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు తలలూపుతారు.

మొదటి వారం: జాబితాను జాబితాగానే చదవండి

ముందు 1 సమూయేలు 22:1-2 చదవండి. అదుల్లాము గుహలో దావీదు దగ్గరికి చేరినవాళ్లు ఎవరు? ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు, అప్పులపాలైనవాళ్లు, మనసు విరిగినవాళ్లు, సుమారు 400 మంది. పరాక్రమశాలుల్లో చాలామంది ఇలాంటి గుంపులోనుంచి తేలినవాళ్లే. దీన్ని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. "నాకు యోధుడయ్యే అర్హత ఎక్కడిది" అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ఆ పేజీ అక్కరకొస్తుంది.

తర్వాత 2 సమూయేలు 23:8-39 బయటికి చదవండి. నోరు తిరగని పేర్లను కూడా వదలొద్దు. అది అయ్యాక 1 దినవృత్తాంతములు 11:10-47 చదవండి. రెండూ కలిపి నెమ్మదిగా చదివినా 25 నిమిషాలు మించదు. చదువుతూ తేడాలు గుర్తు పెట్టుకోండి. సమూయేలు గ్రంథంలో మొదటి యోధుడు ఒక్కసారి యుద్ధంలో 800 మందిని హతం చేశాడని ఉంటే, దినవృత్తాంతాల్లో 300 అని ఉంటుంది. సమూయేలు జాబితా ఊరియా పేరుతో, మొత్తం 37 మంది అన్న లెక్కతో ముగుస్తుంది. దినవృత్తాంతాల జాబితాలో ఊరియా తర్వాత మరో 16 పేర్లు కనిపిస్తాయి.

గుంపుగా చేసేవాళ్లు దారి తప్పే మొదటి చోటు ఇదే. 800 సరైనదా 300 సరైనదా అన్న చర్చ గంటంతా మింగేస్తుంది. నకలు రాసేటప్పుడు అంకె మారిందని కొందరు, రెండు వేర్వేరు యుద్ధాలని కొందరు వివరిస్తారు. ఆ రెండు వివరణలనూ ఒక్క వరుసలో రాసుకుని ముందుకు సాగండి. మన ప్రశ్నకు జవాబు ఆ అంకెలో లేదు.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. ఈ జాబితాలో షమ్మా అనే పేరు ఒకటి కంటే ఎక్కువసార్లు వస్తుంది. ఇక్కడ కనిపించే ఇత్తయి బెన్యామీనీయుడు, అంటే సౌలు గోత్రంవాడు. దావీదు కొడుకు అబ్షాలోము తిరుగుబాటు రోజుల్లో దావీదును వదలని గిత్తీయుడైన (అంటే గాతు ఊరివాడైన) ఇత్తయి వేరే మనిషి. ఇద్దరినీ కలిపేసి సాక్ష్యం చెప్పేవాళ్లు తరచూ తగులుతారు. వంశం పేరు, ఊరు పేరు కలిపి రాసుకుంటే ఈ తికమక ఉండదు. అలా రాస్తుంటే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది: హిత్తీయుడు, అమ్మోనీయుడు, మోయాబీయుడు, పరాయి జనాల వాళ్లందరూ ఈ వరుసలోనే నిలబడి ఉన్నారు.

అసలు పనిలోకి దిగేముందు ఎఫెసీయులకు 6:12 చదివి ఒక హద్దు గీసుకోండి. మన పోరాటం మనుషులతో కాదని పౌలు సూటిగా రాశాడు. దావీదు తానే మందిరం కట్టలేకపోవడానికి కారణం అతను ఒలికించిన రక్తమని 1 దినవృత్తాంతములు 22:8 చెబుతుంది. కాబట్టి యోధుల మాటలను పొరుగువాడి మీదికో, వేరే సంఘంవాళ్ల మీదికో, వేరే మతంవాళ్ల మీదికో తిప్పడానికి ఈ అధ్యయనంలో చోటు లేదు. మనం వాళ్ల దగ్గర తీసుకునేది నిలబడే తీరు మాత్రమే.

రెండో వారం: ఒక చేను, ఒక మనిషి

ఒక్కో యోధుడికి నోట్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించి, ప్రతి పేజీలో నాలుగు ప్రశ్నలు రాయండి. ఇతను దేన్ని కాపాడాడు? వదిలి వెళ్లడానికి ఇతనికి ఏ సాకు దొరికేది? ఎవరు చూస్తున్నారు? గెలుపును వాక్యం ఎవరి ఖాతాలో వేసింది?

షమ్మాతో మొదలుపెట్టండి (2 సమూయేలు 23:11-12). ఇశ్రాయేలుకు శత్రువులైన ఫిలిష్తీయులు గుంపుగా వచ్చారు. అక్కడున్నది ఒక పప్పుధాన్యపు చేను. కోట లేదు, రాజు లేడు, మందసం లేదు. జనం పారిపోయారు. షమ్మా చేను నడిమధ్యకు వెళ్లి నిలబడ్డాడు. గట్టు మీద నిలబడి ఉంటే ఏ క్షణంలోనైనా వెనక్కి తగ్గొచ్చు, నడిమధ్యలో నిలబడ్డవాడికి ఆ వీలు లేదు. పంట పోతే ఆ ఏడాది కొన్ని కుటుంబాలు పస్తులుంటాయి, అంతే, దేశం మునిగిపోదు. "ఇంత చిన్నదానికి ప్రాణం పెట్టాలా" అనే సాకు అతనికి సిద్ధంగా ఉంది. చూసేవాళ్లు ఎవరూ లేరు, ఎందుకంటే చూడాల్సినవాళ్లంతా పరుగెత్తుతున్నారు. ఇక గెలుపు ఎవరిది? యెహోవా గొప్ప రక్షణ కలుగజేశాడని వచనం ముగుస్తుంది. నాలుగు ప్రశ్నలకూ జవాబులు రెండే వచనాల్లో దొరికాయి.

ఇదే పద్ధతిలో ఎలియాజరు పేజీ నింపండి (23:9-10). చేయి తిమ్మిరెక్కి కత్తికి అంటుకుపోయేదాకా అతను పోరాడాడు. జనం తిరిగొచ్చింది దోపుడు సొమ్ము ఏరుకోవడానికి మాత్రమే. ఆ వివరాన్ని ఒక గీత గీసి పెట్టుకోండి. మీరు కష్టపడి నిలబెట్టిన పనిలో, కష్టం అయిపోయాక అందరూ వచ్చి చేరిన రోజున ఇది గుర్తుకు రావాలి. ఎలియాజరు వాళ్లను తిట్టినట్టు వాక్యంలో లేదు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, వెంటనే ఉపమానాలు అల్లేయడం. పప్పుచేను అంటే నా ఉద్యోగం, సింహం అంటే నా అప్పు, మంచు కురిసిన రోజు అంటే నా నిరాశ. వినడానికి బాగుంటుంది, కాని నిజంగా ఏం జరిగిందో కనుమరుగైపోతుంది. ముందు నాలుగు ప్రశ్నలకు వాక్యంలోని మాటలతోనే జవాబు రాయండి. అన్వయం మర్నాటికి వాయిదా వేయండి. ఒక రాత్రి గడిచాక వచ్చే అన్వయం నిలకడగా ఉంటుంది.

మర్నాడు మీ చేనును ఎంచుకోండి. ఒక్కటే. అది ఇప్పటికే మీ చేతిలో ఉన్న బాధ్యత అయి ఉండాలి, మీరు వదిలేస్తే ఎవరో ఒకరు నష్టపోవాలి, చేశారో లేదో గడియారంతోనో లెక్కతోనో తేలాలి. "ప్రార్థనలో బలపడతాను" అన్నది చేను కాదు, అది కోరిక. "ఆరాధనకు 30 నిమిషాల ముందే వెళ్లి కుర్చీలు వేస్తాను" అన్నది చేను. "సండే స్కూల్ పాఠం శనివారం రాత్రి కాకుండా గురువారానికే సిద్ధం చేస్తాను", "మంచాన పడ్డ నాన్నకు రాత్రి మందు నేనే ఇస్తాను, తమ్ముడి మీద తోయను" లాంటివి కూడా సరిపోతాయి. ఈ చివరిది సంఘంలో ఎవరికీ కనబడదు కాబట్టి దానికి విలువ ఇంకా ఎక్కువ.

ఎంచుకున్నది ఒక్కరికే (గుంపుగా చేస్తే ఆ గుంపుకే) చెప్పండి, సంఘమంతటికీ ప్రకటించొద్దు. నాలుగో వారం దగ్గర చాలామంది జారిపోతారు. కొత్త ఉత్సాహం అప్పటికి అయిపోతుంది, అలవాటు ఇంకా కుదరదు. అప్పుడు పనిని చిన్నది చేసుకోండి గాని మానొద్దు. వారానికి మూడుసార్లు అనుకున్నది ఒకసారికి తగ్గించండి. ఒక రోజు తప్పితే తేదీ, కారణం నాలుగు మాటల్లో రాసుకుని వదిలేయండి. మర్నాడు రెండింతలు చేసి పూడ్చాలనుకోవద్దు, అలా పూడ్చబోయినవాళ్లు మూడో రోజుకి పూర్తిగా ఆపేస్తారు.

మూడో వారం: బేత్లెహేము నీళ్లు

2 సమూయేలు 23:13-17. కోతకాలం. దావీదు గుహలో ఉన్నాడు, ఫిలిష్తీయుల దండు బేత్లెహేములో ఉంది. ఊరి గవిని దగ్గరి బావి నీళ్లు ఎవరైనా తెచ్చి ఇస్తే ఎంత బాగుండును అని దావీదు నోరు జారాడు. అది ఆజ్ఞ కాదు, సొంతూరి మీది బెంగ. ముగ్గురు యోధులు శత్రువుల దండులోనుంచి చొరబడి ఆ నీళ్లు తోడుకొచ్చారు. అదుల్లాము నుంచి బేత్లెహేముకు సుమారు 20 కిలోమీటర్లు. తిరిగి అంతే దూరం, చేతిలో నీళ్లతో.

ఈ వారం మీరు చేయాల్సింది ఒక్కటే. మీకు సేవ చేస్తున్న ఒక వ్యక్తికి, అంటే కాపరికో, సండే స్కూల్ టీచరుకో, పాటల జట్టు నడిపేవాళ్లకో, వాళ్లు అడగని ఒక సాయం చేయండి. అడగలేదు కాబట్టి మీరు వాళ్ల మాటలు వినాల్సి వస్తుంది: దేని గురించి నిట్టూరుస్తున్నారు, ఏ పని పదేపదే వాయిదా పడుతోంది? వెల మాత్రం మీదే కావాలి. ఇంటి ఖర్చు డబ్బో, భార్య విశ్రాంతి సమయమో, పిల్లల చదువు గంటలో తీసి పోస్తే అది ఎవరి నీళ్లో ఎవరో పారబోసినట్టే.

నాయకత్వంలో ఉన్నవాళ్లకు ఈ వారం బరువు ఎక్కువ. దావీదు ఆ నీళ్లు తాగలేదు. ప్రాణాలకు తెగించి వెళ్లినవాళ్ల రక్తంతో వాటిని సమానం చేసి యెహోవాకు పారబోశాడు. దీన్ని అవమానంగా చదివేవాళ్లూ ఉన్నారు: అంత కష్టపడి తెస్తే నేలపాలు చేశాడే అని. కాని పానార్పణ, అంటే దేవుని ముందు పారబోసే అర్పణ, దేవునికి చెందేది. తన దాహం తీరడానికి ఆ ముగ్గురి ప్రాణం ధర కాకూడదని అతను అందరి ముందూ తేల్చి చెప్పాడు. మీరు నాయకులైతే ఈ వారం మూడు పనులు చేయండి. మీ నోటి నుంచి ఊరికే వచ్చిన కోరికను ఎవరైనా ఆజ్ఞగా తీసుకుని కష్టపడుతున్నారేమో కనుక్కోండి. చేసినవాళ్లకు ఎంత ఖర్చయిందో వాళ్ల ముందే, లెక్కతో సహా, బయటికి చెప్పండి. ఆ సేవ వల్ల వచ్చిన మంచి పేరును మీ ఖాతాలో జమ చేసుకోకండి.

నాలుగో వారం: ఎప్పుడు కాదనాలి

దీనికి రెండు వారాలు పట్టినా పర్వాలేదు, అప్పుడు ఆరు వారాలు ఏడవుతాయి. తొందరపడొద్దు.

నాలుగు వాక్యభాగాలు పక్కపక్కన పెట్టండి. మొదటిది 1 సమూయేలు 22:17-18. దావీదుకు సాయం చేశారన్న అనుమానంతో నోబు యాజకులను చంపమని సౌలు తన పక్కనున్న కావలివాళ్లకు ఆజ్ఞ ఇచ్చాడు. వాళ్లు చెయ్యెత్తలేదు. వాళ్ల పేర్లు కూడా మనకు తెలియవు. ఎదోమీయుడైన దోయేగు ముందుకొచ్చి 85 మందిని చంపాడు. ఆ రోజు రాజుకు "లోబడినవాడు" దోయేగు.

రెండోది 2 సమూయేలు 11:14-25. ఊరియా భార్య బత్షెబతో తాను చేసిన పాపాన్ని కప్పిపుచ్చుకోవడానికి, ఊరియాను యుద్ధం ముమ్మరంగా ఉన్న చోట ముందు నిలబెట్టి, వెనక్కి తగ్గండని దావీదు యోవాబుకు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. యోవాబు ఎదురు ప్రశ్న వేసినట్టు కనబడదు. ఊరియాతో పాటు దావీదు సేవకుల్లో మరికొందరు కూడా చనిపోయారు. ఇక్కడ కాసేపు ఆగి, వార్త మోసుకెళ్లే మనిషికి యోవాబు నేర్పిన మాటలు చదవండి. ప్రాకారానికి అంత దగ్గరగా ఎందుకు వెళ్లారని రాజు కోప్పడితే, "నీ సేవకుడైన ఊరియా కూడా చనిపోయాడు" అని చెప్పమన్నాడు. ఏ మాట చెబితే రాజు కోపం చల్లారుతుందో అతనికి బాగా తెలుసు. నమ్మకత్వం చెడిపోయినప్పుడు దాని భాష ఇలాగే ఉంటుంది: పైకి మర్యాద, లోపల లావాదేవీ.

సందేహం కలిగించే పని మీకు అప్పగించినప్పుడు ఈ రెండు సంఘటనల నుంచి తీసిన ప్రశ్నలు వేసుకోండి. ఈ పని సంఘమంతటి ముందూ చెప్పి చేయగలనా? దీనివల్ల దెబ్బ తినేవాళ్లు ఎవరు, వాళ్లకు ఈ సంగతి తెలుసా? ఇది పూర్తి చేయడానికి ఎక్కడైనా అబద్ధం ఆడాల్సి వస్తుందా? యోవాబుకు వచ్చిన ఉత్తరం ఈ మూడింటిలో ఒక్కదాన్నీ దాటలేదు. మీ ముందున్న పని ఒక్కదాని దగ్గర ఆగిపోయినా, మీరూ ఆగండి.

ఎలా కాదనాలో మూడో వాక్యభాగం నేర్పుతుంది: 1 సమూయేలు 19:4-5. దావీదును చంపాలని సౌలు అన్నప్పుడు యోనాతాను తండ్రితో మాట్లాడిన తీరు చూడండి. మర్యాద తప్పకుండా రాజుగానే సంబోధించాడు. దావీదు ఏ తప్పూ చేయలేదని, ప్రాణానికి తెగించి ఫిలిష్తీయుని కొట్టాడని జరిగింది చెప్పాడు. "నువ్వే చూసి సంతోషించావు" అని సౌలు కళ్లారా చూసినదాన్నే గుర్తు చేశాడు. చివర, నిర్దోషిని చంపి ఎందుకు పాపం చేస్తావని అడిగాడు. నిందలు లేవు, ఊహలు లేవు, "అందరూ అనుకుంటున్నారు" అన్న మాట లేదు. మీరు చెప్పబోయే మాటలను ఇదే వరుసలో కాగితం మీద పెట్టండి: గౌరవం, జరిగిన విషయం, ఎదుటివాళ్లకు స్వయంగా తెలిసిన విషయం, ప్రశ్న. ఐదారు వాక్యాలు చాలు. పేజీ దాటిందంటే అందులో కోపం కలిసిందన్నమాట.

సౌలు అప్పటికి విన్నాడు. ఆ తర్వాత 20వ అధ్యాయంలో కొడుకు మీదికే ఈటె విసిరాడు. కాబట్టి ఈ పద్ధతి ప్రతిసారీ ఫలిస్తుందని అనుకోవద్దు. యోనాతాను బల్ల దగ్గర నుంచి లేచిపోయాడు, దావీదును హెచ్చరించి పంపించాడు, కాని తండ్రి మీద కత్తి ఎత్తలేదు. హత్యలో భాగం కాలేదు, తిరుగుబాటూ చేయలేదు. మధ్యలో ఆ ఇరుకు దారి ఉంది, అది నొప్పి కలిగించే దారి.

ఒక్క మినహాయింపు స్పష్టంగా రాసుకోండి. పిల్లల మీద గాని, ఆడవాళ్ల మీద గాని అఘాయిత్యం, కొట్టడం, కానుకల డబ్బు దొంగిలించడం లాంటి నేరం కనబడితే, మత్తయి 18లోని "ముందు ఒంటరిగా మాట్లాడు" అన్న మెట్టు దగ్గర ఆగిపోకండి. దెబ్బ తిన్నవాళ్లను ముందు సురక్షితమైన చోటికి చేర్చండి, పోలీసులకు తెలియజేయండి. "అభిషిక్తుడి మీద చెయ్యి వేయకూడదు" అన్న మాటను ఇక్కడ అడ్డు పెట్టుకోనివ్వకండి. దావీదు ఆ మాట అన్నది సౌలును తన చేత్తో చంపనన్న సందర్భంలో. అదే దావీదు సౌలుకు దొరక్కుండా తప్పించుకు తిరిగాడు, అతని అన్యాయాన్ని అందరూ వినేలా కొండ మీద నుంచి కేకవేసి చెప్పాడు.

నాలుగోది యోవాబు సోదరుడు అబీషై. సౌలు నిద్రపోతుంటే ఒక్క పోటుతో నేలకు గుచ్చేస్తానన్నాడు (1 సమూయేలు 26:8). దావీదును శపించిన షిమీ తల తీసేస్తానన్నాడు (2 సమూయేలు 16:9), 19వ అధ్యాయంలో మళ్లీ అదే పాట. ప్రేమ నిజమే, ధైర్యం నిజమే, కాని దావీదు ప్రతిసారీ ఆపాల్సి వచ్చింది. ఈ రోజుల్లో అబీషైలు వాట్సాప్ గ్రూపుల్లో ఉంటారు. పాస్టరు గారి మీద ఎవరో ఒక మాట అంటే చాలు, ఈటె తీస్తారు. ఎవరి తరఫున మాట్లాడబోతున్నారో ముందు ఆ మనిషినే అడగండి. అడగడానికి వీలు లేకపోతే 24 గంటలు ఆగి రాయండి.

ఐదో వారం: వెనక ఉండిపోయినవాళ్లు

1 సమూయేలు 30. దావీదు, అతని మనుషులు ఉంటున్న సిక్లగు కాలిపోయింది, కుటుంబాలు చెరపట్టబడ్డాయి, 600 మంది బయలుదేరారు. బెసోరు వాగు దగ్గర 200 మంది ఇక అడుగు వేయలేక సామాను దగ్గర ఆగిపోయారు. 400 మంది వెళ్లి గెలిచి వచ్చారు. వచ్చినవాళ్లలో కొందరు, వీళ్లకు భార్యాపిల్లలు తప్ప సొమ్ములో వాటా ఇవ్వమన్నారు. యుద్ధానికి వెళ్లినవాడికీ సామాను దగ్గర ఉన్నవాడికీ సమభాగమే అని దావీదు కట్టడ చేశాడు.

ఈ వారం ఒక జాబితా తయారు చేయండి. మీ సంఘంలోనో జట్టులోనో గత ఏడాది ముందుండి, ఇప్పుడు కనిపించని పేర్లు రాయండి. అనారోగ్యం, ప్రసవం, ఉద్యోగం మారడం, అలసట, ఏదైనా కావచ్చు. అందులో ఇద్దరిని కలవండి. "మళ్లీ ఎప్పుడు వస్తారు" అని అడగొద్దు. ఆ ఒక్క ప్రశ్నతో మీ రాక వసూలు చేయడానికి వచ్చినట్టు మారిపోతుంది. వాళ్లు వేసిన పునాది మీద ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్పి, వాళ్ల వాటా వాళ్లకు అప్పగించి రండి.

దీనితో పాటు 2 సమూయేలు 21:15-17 చదవండి. యుద్ధంలో దావీదు సొమ్మసిల్లాడు, ఇష్బిబేనోబు అనే ఫిలిష్తీయుడు అతన్ని చంపబోయాడు, అబీషై అడ్డుపడి కాపాడాడు. ఆ తర్వాత ఇక మాతో యుద్ధానికి రావద్దని మనుషులు దావీదుకు ఒట్టుపెట్టి చెప్పారు. అలసిన నాయకుడికి విశ్రాంతి తీసుకోమని చెప్పడం నమ్మకద్రోహం కాదు. మీ కాపరి ఈ నెలలో ఒక్క రోజైనా సెలవు తీసుకున్నారా? లేదంటే, ఎవరు ఏ పని పంచుకుంటారో ముందే తేల్చుకుని వెళ్లి చెప్పండి. పని పంచుకోకుండా "విశ్రాంతి తీసుకోండి" అనడం వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు.

ఆరో వారం: ఊరియా, ఇత్తయి, యోవాబు

ఊరియా పేజీ ఒక్కరే నింపండి, గుంపులో కాదు. మందసమూ సైన్యమూ బయట గుడారాల్లో ఉంటే నేను ఇంటికెళ్లి తిని తాగి పడుకోనా అన్నాడు. దావీదు అతనికి బాగా తాగించినా ఇంటికి వెళ్లలేదు. ఆ నమ్మకత్వమే అతని ప్రాణం తీసింది. నాయకుల చేతిలో గాయపడినవాళ్లకు ఈ కథ చూపించి "ఊరియాలా నోరు మూసుకుని ఉండు" అని చెప్పడం ఘోరం. ఊరియాకు ఆ ఉత్తరంలో ఏముందో తెలియదు. తెలిసి భరించినవాడు కాదు. దేవుడు మౌనంగా ఉండలేదు, దావీదు దగ్గరికి నాతాను ప్రవక్తను పంపాడు. సమూయేలు జాబితాలో చివరి పేరు ఊరియాదే. మత్తయి 1:6 కూడా బత్షెబను పేరుతో కాక ఊరియా భార్యగా ప్రస్తావిస్తుంది. రాసినవాళ్లు అతన్ని మరవనివ్వలేదు.

గిత్తీయుడైన ఇత్తయి గురించి క్లుప్తంగా చాలు (2 సమూయేలు 15:19-22). నిన్ననే వచ్చావు, తిరిగి వెళ్లు అని దావీదు తలుపు తెరిచాడు. చావైనా బతుకైనా రాజు ఉన్నచోటే అన్నాడు ఆ గాతు మనిషి. వెళ్లిపోయే స్వేచ్ఛ ఉండి కూడా నిలిచాడు. మీ సంఘంలో వెళ్లిపోయే స్వేచ్ఛ మనుషులకు ఉందా అన్న ప్రశ్న నాయకులు ఇక్కడ వేసుకోవాలి.

యోవాబు విషయంలో ఒక విచిత్రం గమనించండి. అతని అన్నదమ్ములు అబీషై, అశాహేలు జాబితాలో ఉన్నారు, అతని ఆయుధాలు మోసిన నహరై కూడా ఉన్నాడు. సేనాధిపతి యోవాబుకు మాత్రం అక్కడ సొంత వరుస లేదు. ఎందుకో వాక్యం చెప్పదు, మనమూ కల్పించొద్దు. కాని అతని బతుకును వెనక్కి తిరిగి చూస్తే ఒకటి కనబడుతుంది: తన స్థానానికి పోటీ అయినవాళ్లు బతకలేదు. సేనాధిపతి పదవి అమాశాకు ఇస్తానని దావీదు అన్నాడు (19:13), యోవాబు అమాశాను ముద్దుపెట్టుకోబోతున్నట్టు గడ్డం పట్టుకుని పొడిచాడు (20:9-10). యోనాతాను మాత్రం తన దుప్పటి, కత్తి, విల్లు, నడికట్టు దావీదుకు తానే తీసి ఇచ్చాడు (1 సమూయేలు 18:4).

గుంపుగా చేసేవాళ్లకు గంట పంపకం: వాక్యం బయటికి చదవడానికి 10 నిమిషాలు, నాలుగు ప్రశ్నలకు 20, ఒక్కొక్కరూ తమ చేను సంగతి చెప్పడానికి 15, ప్రార్థనకు 15. చేను గురించి ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు సలహాలివ్వొద్దు. "చేశాను", "చేయలేదు", "కారణం ఇది", అంతే. సలహాలు మొదలైతే తర్వాతి వారం నుంచి తప్పినవాళ్లు రావడం మానేస్తారు. నాలుగో వారంలో ఎవరైనా తమ నాయకుడి గురించి నిజమైన ఫిర్యాదు బయటపెడితే, గుంపులో విప్పి చర్చించకుండా ఆ మనిషితో విడిగా కూర్చోండి. నేరం అయితే పైన చెప్పిన మినహాయింపు ప్రకారం నడవండి.

ఆరో వారం చివర చేను విషయం తేల్చుకోండి: కొనసాగిస్తారా, వేరేవాళ్లకు అప్పగిస్తారా, ఆపేస్తారా. ఆపేటట్టయితే ఆధారపడ్డవాళ్లకు కనీసం రెండు వారాల ముందు చెప్పండి. అప్పగించేటట్టయితే మొదటి వారం మీరు చేస్తూ వాళ్లను చూడనివ్వండి, రెండో వారం వాళ్లు చేస్తుంటే మీరు పక్కన ఉండండి, మూడో వారం వెళ్లకండి. తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి, సామాను ఎక్కడ, ఎన్ని గంటలకు మొదలుపెట్టాలి, అడ్డంకి వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి. వాళ్లు మీ పద్ధతి మార్చేసి కుర్చీలు వేరేలా వేస్తారు. మార్చనివ్వండి.